మేస్త్రీ రాసుకున్న డైరీ

శ్రోతలందరికీ నమస్కారం.

జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం పోయే రోడ్డు ఒకటి. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే రోడ్డు ఇంకొకటి. ఈ రెండింటి మీద గ్రానైట్ లారీలు, ఇసుక లారీలు, బొగ్గు లారీలు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. వాటి పక్కనుంచే మన బైకులు, ఆటోలు, మిర్చి ఏరడానికి పోయే కూలీల ట్రాలీలు. హనుమకొండ కోర్టులో వకీలుగా నా చేతికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఈ రోడ్ల మీద పుట్టినవే. లారీ గుద్ది మనిషి పోయాక ఆ ఇంటికి న్యాయంగా రావలసిన పరిహారం గురించి ఈరోజు మీతో మాట్లాడతాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ డబ్బు చాలా ఇళ్లకు కోర్టు గడప ఎక్కకముందే తగ్గిపోతుంది. దుఃఖంలో ఉన్న ఆ పది పదిహేను రోజుల్లోనే తగ్గిపోతుంది.

ఎట్లా అంటారా? ఇంట్లో ఏడుపుల మధ్య పోలీస్ స్టేషన్‌కు పోయేది సాధారణంగా బావమరిదో, పెద్దనాన్న కొడుకో. ప్రమాదం ఆయన కళ్లతో చూడలేదు. ఎవరో చెప్పింది విని దరఖాస్తు రాయిస్తాడు. "బైకు అదుపు తప్పి, ఆగి ఉన్న లారీని వెనుకనుంచి గుద్దింది" అని ఒక్క వాక్యం పడుతుంది. రెండేళ్లో మూడేళ్లో గడిచాక ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు కోర్టులో లేచి ఆ వాక్యమే చదువుతాడు.

ఇంతకీ ఆ లారీ ఎట్లా ఆగి ఉంది? టైరు పంక్చరై రోడ్డు మీదనే నిలబెట్టారా? వెనుక లైటు వెలుగుతోందా? రేడియం స్టిక్కర్లు మట్టి కొట్టుకుపోయాయా? వెనకాల రెండు రాళ్లు పెట్టి, ఒక చెట్టుకొమ్మ పడేసి, క్లీనర్ నిద్రపోయాడా? చీకట్లో అట్లా నిలబెట్టడం కూడా నిర్లక్ష్యమే. అది రుజువైతే కోర్టు తప్పును ఇద్దరికీ పంచవచ్చు, మొత్తం లారీ మీదే పెట్టవచ్చు. కానీ తెల్లారేసరికి లారీని స్టేషన్‌కు తరలిస్తారు, రాళ్లు పక్కకు పడతాయి. అక్కడికి ముందు చేరిన మీ ఊరి పిల్లవాడి దగ్గర ఫోన్ ఉంటుంది కదా, పడిపోయిన మనిషిని కాదు, లారీ వెనుక భాగాన్ని ఫోటో తీయమనండి. నంబర్ ప్లేటు, టైర్ల గుర్తులు, రోడ్డు అంచు కనపడాలి. చూసినవాళ్ల పేరూ ఊరూ రాసిపెట్టమనండి. దరఖాస్తులో చూసింది చూసినట్టు రాయించండి, తెలియనిది తెలియదనే రాయించండి.

ఆ రోజుల్లోనే ఇంకొక మనిషి వస్తాడు. దినకర్మల ఖర్చుకని యాభై వేలో లక్షో చేతిలో పెట్టి, "పెద్దమనుషుల్లో అయిపోయింది" అని ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. లేదంటే మార్చురీ గేటు దగ్గరే ఫైలు పట్టుకుని, వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు అని వకాలత్ మీద సంతకం పెట్టించుకుంటాడు. పరిహారంలో వాటా మాట్లాడుకుని కేసు తీసుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు వకీలును ఒప్పుకోవు. నా వృత్తిలో ఉన్నవాళ్లే ఈ పని చేస్తుంటే నాకు కడుపు రగులుతుంది. ఖాళీ కాగితం మీద ఎవరికీ సంతకం పెట్టకండి. డ్రైవర్ మీద పోలీసులు పెట్టే కేసు వేరు, మన క్లెయిమ్ కేసు వేరు. అక్కడ డ్రైవర్ బయటపడ్డా ఇక్కడ మన హక్కు పోదు. రైతుబీమా ఐదు లక్షలు వచ్చాయి కాబట్టి ఇక ఇది రాదని కూర్చున్నవాళ్లను చూశాను. అది వేరు, ఇది వేరు.

లారీ ఓనరు ఏ రాష్ట్రం వాడైనా, ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులోనే, ఓపీ (క్లెయిమ్ దరఖాస్తు) వేసుకోవచ్చు. గడువు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దు. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఒకే దరఖాస్తులో చేరండి. అత్తాకోడళ్లు చెరొక కేసు వేసుకుని ఏళ్లు పోగొట్టుకున్నారు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే రెండు లక్షల సాయం ఉంది, దానికి రెవెన్యూ అధికారుల దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. బండి తెలిసి, తప్పు ఎవరిదో తేల్చలేని చోట అదే చట్టం 164వ సెక్షన్ కింద ఐదు లక్షలు.

ఇప్పుడు అసలు లెక్క. పెన్ను, కాగితం ఉంటే దగ్గర పెట్టుకోండి.

34 ఏళ్ల సుతారి మేస్త్రీ అనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నెలకు 15 వేలు సంపాదించేవాడని కోర్టు నమ్మితే, ముందు ముందు ఆయన సంపాదన పెరిగేది కాబట్టి దానికి 40 శాతం కలుపుతారు. సొంతంగా పని చేసుకునేవాళ్లకు, నలభై లోపు వయసైతే అంత కలపాలని 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రణయ్ సేథీ కేసులో చెప్పింది. అది 21 వేలు. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఈ ఏడాది మొత్తాన్ని ఎంతతో గుణించాలో వయసును బట్టి చెప్పే అంకెను గుణకం అంటారు. ఆ వయసుకు 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఇచ్చిన గుణకం 16. గుణిస్తే 30,24,000. భార్యకు, పిల్లలకు, తల్లికి వాళ్ల మనిషి తోడు పోయినందుకు ఇచ్చేవి, అంత్యక్రియల ఖర్చు ఇంకా పైన.

అదే మనిషికి నెలకు 10 వేలే అని కోర్టు అనుకుంటే? 20,16,000. నెలకు ఐదు వేలు రుజువు చేయలేకపోయినందుకు ఆ పిల్లలకు పది లక్షలు పోయాయి.

మనవాళ్లకు జీతం స్లిప్పులు ఎక్కడివి? అందుకే కాగితాలు వెతకాలి. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీలు, పట్టాదారు పాస్‌బుక్, చిట్టీ పుస్తకం, ఫోన్‌లో డబ్బులు పడ్డ మెసేజ్‌లు, పనిచేయించుకున్న ఇంటి యజమాని సాక్ష్యం. చనిపోయింది ఇల్లాలైనా సరే, ఆమె ఇంటి చాకిరీకి కోర్టు విలువ కడుతుంది, కట్టాలని సుప్రీంకోర్టే చెప్పింది. వయసుకు బడి సర్టిఫికెట్ తెండి, ఆధార్‌లో పుట్టిన తేదీ మీద గొడవ వస్తుంది. వయసు 45 కాదు, 46 అని తేలితే గుణకం 14 నుంచి 13కు దిగుతుంది.

కూలీల సంగతి ఒకటి చెప్పాలి. ట్రాక్టర్ ట్రాలీలో పోతుండగా లారీ గుద్దితే, లారీ ఇన్సూరెన్స్ ఆ కూలీలకు వర్తిస్తుంది. ట్రాలీ దానంతట అదే బోల్తా పడితే, సరుకు బండిలో మనుషులను ఎక్కించుకున్నారని కంపెనీ చేతులెత్తేయవచ్చు, భారం ఓనరు మీద పడుతుంది. ఏరివేతకు పోయే అక్కలు, చెల్లెళ్లు ఇది తెలుసుకుని ఉండాలి.

మేస్త్రీ లెక్క నేను ఊరికే చెప్పలేదు. అట్లాంటి మేస్త్రీ భార్య ఒకామె నా దగ్గరికి వచ్చి, ప్లాస్టిక్ కవర్‌లోంచి అరచేతంత డైరీ తీసింది. "మేడం, గిది పనికొస్తదా? ఆయన రాసుకునేటోడు. నాకు సదువు రాదు" అంది. పన్నెండో రోజు ఆయన బట్టలతో పాటు పారేయబోతే, వెనక పేజీల్లో తన బొమ్మలున్నాయని చిన్నపిల్ల లాక్కుందట. తెరిచి చూస్తే సిమెంటు మరకల మధ్య పెన్సిల్ గీతలు. "మడికొండ ఇల్లు, స్లాబు, 6 రోజులు. కూలి ముట్టింది." "కాజీపేట, ప్లాస్టరింగ్, 4 రోజులు. బాకీ 1200." రెండేళ్ల సంపాదన, ఒక్క నెల తప్పకుండా.

ఆ మడికొండ ఇంటి యజమాని కోర్టుకు వచ్చి అవును, నేనే ఇచ్చానన్నాడు. కంపెనీ వకీలు ఇది తర్వాత రాయించిందని వాదించాడు. జడ్జిగారు పేజీలు ఒక్కొక్కటే తిప్పి, ఒకచోట ఆగారు. కూలి లెక్క మీదనే పిల్ల గీసిన ఇల్లు, దాని పక్కన నిచ్చెన. 15 వేల ఆదాయం ఒప్పుకున్నారు. పిల్లల వాటా వాళ్లు మేజర్లయ్యేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమన్నారు.

ఇంత చేయించడానికి వకీలు ఫీజు ఎక్కడ తేవాలి అనుకునేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబర్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ పడితే డబ్బు త్వరగా వస్తుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు. అందుకని ముందు మీ లెక్క మీరు వేసుకుని కూర్చోండి.

తీర్పు రోజు ఆ చిన్నపిల్ల కోర్టు వరండాలో నా కొంగు పట్టుకుని, డైరీ మీద కోర్టు ముద్ర ఎందుకు వేశారని అడిగింది. "మా బాపుది ఎప్పుడిస్తరు?" అంది. అప్పీలుకు 90 రోజుల గడువుంటుంది, అది దాటాక అర్జీ పెడితే ఇస్తారమ్మా అన్నాను. తల్లి ఫోన్ తీసుకుని, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, ఆ తేదీ చూపించి గుర్తు పెట్టమంది.

నమస్కారం.