41వ ఎపిసోడ్: కోసిన అంగుళం

(పెదవాల్తేరు, మేడ మీది గది. ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, మన్నించాలి.)

అల్లుడు: నమస్కారం. పోయినసారి మాట ఇచ్చిన విషయమే ఈరోజు. గోల్ఫ్‌లో ఐరన్ అనే లోహపు తల ఉన్న కర్రకు షాఫ్టు, అంటే కాడ, ఎంత పొడవుండాలి, మన ఒంటికి అది సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి. మామయ్య పక్కనే ఉన్నారు. కొబ్బరికాయ సంగతి ఎవరూ అడగవద్దని చెప్పమన్నారు.

మామయ్య: ఆ మాటే ఎత్తవద్దన్నాను. ఎత్తేశావు. ఇక ఈ వారమంతా అందరూ అదే అడుగుతారు.

అల్లుడు: ముందు లెక్క చెప్పుకుందాం. స్టీలు షాఫ్టు 7 ఐరన్ సుమారు 37 అంగుళాలు. నంబరు తగ్గేకొద్దీ అర అంగుళం చొప్పున పెరుగుతుంది. 6 అయితే ముప్పై ఏడున్నర, 5 అయితే 38. తయారీదారును బట్టి పావు అంగుళం అటూ ఇటూ...

మామయ్య: ఏ 7?

అల్లుడు: మొదలైంది.

మామయ్య: అడగవద్దా? నేను ఆట నేర్చుకున్నప్పుడు 7 ఐరన్ లాఫ్ట్, అంటే బంతికి తగిలే ముఖం వెనక్కి వాలిన కోణం, 35, 36 డిగ్రీలు. ఇప్పుడు దుకాణంలో 7 అని చెక్కినదాన్ని కొలిచి చూడు. 30 ఉంటుంది, కొన్నిటికి 28 కూడా. మా లెక్కలో అది 5 ఐరన్. షాఫ్టు కాస్త సాగదీసి, నంబరు మార్చి, "7తో ఎంత దూరం పోయిందో చూశారా" అంటారు. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా అంటారే, అలా ఇక్కడ నంబర్లు ముదిరాయి.

అల్లుడు: ఆ సామెతకూ దీనికీ సంబంధం లేదు మామయ్యా.

మామయ్య: లేకపోతే లేకపోయింది. నంబరు మాత్రం అబద్ధం.

అల్లుడు: సరే. చాలామంది ఎత్తు చూసుకుని కొనేస్తారు. ఎత్తు సగం సంగతే చెబుతుంది. మణికట్టు నుంచి నేల ఎంత దూరమో కూడా కొలవాలి. ఆడేటప్పుడు వేసుకునే బూట్లతోనే నిటారుగా నిలబడి, చేతులు వదిలేసి, మణికట్టు ముడత దగ్గర టేపు పెట్టి నేల దాకా వదలాలి. ఆరడుగుల మనిషి ఆజానుబాహువు అనుకోండి. పొట్టి చేతులున్న ఐదున్నర అడుగుల మనిషికీ ఆయనకూ కొలత దగ్గర దగ్గరగా రావచ్చు.

మామయ్య: ఆ ఐదున్నర అడుగుల మనిషి ఎవరు?

అల్లుడు: ఉదాహరణకు చెప్పాను.

మామయ్య: ఉదాహరణకు చేతులు కూడా పొట్టిగా పెట్టావు.

అల్లుడు: మీరే తలుచుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. పెద్దమామయ్య సెట్టు ఎందుకు కోయించారు?

మామయ్య: పొడవుగా ఉంది, కోయించాను. బంతిని అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవరు కర్ర విషయంలో ఆట నిబంధనలు రాసేవాళ్ళు మాత్రం చేసిందేమిటి? 48 అంగుళాల హద్దు ఉండగానే 2022 నుంచి పెద్ద పోటీలకు 46 చాలన్నారు. వాళ్ళు తగ్గిస్తే నిబంధన, నేను తగ్గిస్తే నేరమా?

అల్లుడు: వాళ్ళు కంచరపాలెంలో నీళ్ళ పైపులు కోసే మనిషి దగ్గరికి వెళ్ళలేదు.

మామయ్య: పైపు పైపే. అతని పనితనానికి వంక పెట్టలేవు.

అల్లుడు: ఆ సెట్టు మామూలు కొలత కంటే అర అంగుళం పొడవు. మీరు కోయించింది అంగుళం. అంటే మామూలు కొలత కంటే అర అంగుళం కిందికి దిగిపోయారు. కోయక ముందు గ్రిప్పు మీద చేతులు అర అంగుళం కిందికి జరిపి నాలుగు రోజులు ఆడి చూడాల్సింది. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

మామయ్య: అలా పట్టుకుంటే పైన మిగిలిన ముక్క పొట్టకు తగులుతుంది.

అల్లుడు: అది షాఫ్టు తప్పు కాదు.

అత్తయ్య (దూరం నుంచి): బాగా చెప్పావు.

మామయ్య: ఈమెను ఎవరు పిలిచారు?

అల్లుడు: అసలు చిక్కు కోసిన తరువాత మొదలైంది. అర అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు హెడ్ (కర్ర తల) ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత, మూడు మెట్లు పడిపోతుందని లెక్క. అంగుళానికి ఆరు. ఆ మెట్ల మీద డి2 ఉన్నది సి6కి దిగిపోయింది. కింద హెడ్ ఉందో లేదో చేతికి తెలియదు. గరిటె పట్టుకున్నట్టు ఉంటుంది.

మామయ్య: దానికి మందు వేశానుగా.

అల్లుడు: ఏ మందు వేశారో చెప్పండి. వింటున్నవాళ్ళు ఇంట్లో చేయకుండా ఉంటారు.

మామయ్య: ఒక్క మెట్టు పెంచాలంటే హెడ్ దగ్గర రెండు గ్రాములు కావాలి. ఆరు మెట్లకు పన్నెండు. దానికోసం అమ్మే సీసం టేపు మన ఊళ్ళో ఎక్కడ వెతకను? ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలకు కట్టే సీసపు గుళ్ళు తెచ్చాను. సన్నికల్లు మీద పెట్టి సుత్తితో రేకులా సాగగొట్టి, వంటింటి త్రాసులో తూచి, ఐరన్ వీపున అంటించాను. పన్నెండు గ్రాములంటే పన్నెండే.

అత్తయ్య: నా సన్నికల్లు మీదా?

(కొంతసేపు ఏమీ వినిపించదు.)

అల్లుడు: ...ఆ రేకు రెండోరోజే ఊడి ఎగిరింది.

మామయ్య: కుక్క విషయం వద్దు.

అల్లుడు: వద్దు. బరువు సరిచేశారే అనుకుందాం. పొడవు మాటేమిటి? పొట్టి షాఫ్టుతో మనిషి ఎక్కువ వంగాలి. ముడసర్లోవ గోల్ఫ్ మైదానంలో తొమ్మిది గుంటలు ఆడి వచ్చి నడుముకు కాపడం పెట్టించుకున్నది ఎవరు? పైగా పొడవు మారితే లై కోణం, అంటే నేలకూ షాఫ్టుకూ మధ్య కోణం, కూడా మారినట్టే. అర అంగుళానికి ఒక డిగ్రీ అని ఫిట్టింగు చేసేవాళ్ళ మోటు లెక్క. పొట్టిదైతే లై చదునుగా పనిచేస్తుంది, కుడిచేతి వాటం వాళ్ళకు బంతి కుడికి పోతుంది. మీ బంతులు ఎటు పోతున్నాయి?

మామయ్య: గాలి.

అల్లుడు: ఎటు?

మామయ్య: సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది.

అల్లుడు: గాలి సంగతి కాదు, బంతి ఎటు పోతోంది?

మామయ్య: కుడికి. పొదల్లోకి. చాలా?

అల్లుడు: ఐరన్ ముఖం మీద బంతి ఎక్కడ తగులుతోందో చూశారా?

మామయ్య: చూశాను. మీ అత్తయ్య ముగ్గుపిండి అద్ది కొట్టాను. కొస వైపే పడుతోంది మచ్చ.

అల్లుడు: అదీ! పొట్టిదైతే తరచుగా కొస దగ్గర తగులుతుంది, పొడవైతే షాఫ్టుకు దగ్గరగా, మడమ వైపు తగులుతుంది. అందరికీ కచ్చితంగా ఇలాగే అని కాదు, ఎందుకంటే మనిషి తనకు తెలియకుండానే సర్దుకుంటాడు. అందుకే కొట్టి చూడాలి. ముగ్గుపిండి కంటే తెల్లబోర్డు మీద రాసే మార్కరు మంచిది. బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క వెనక ఉండేలా బంతిని పెట్టి కొడితే ముఖం మీద అచ్చు పడుతుంది. పది కొడితే పది అచ్చులు. పొడవు పెరిగితే హెడ్ వేగం కాస్త పెరిగే మాట నిజమే, కానీ నట్టనడుమ తగలకపోతే వచ్చిన లాభం అక్కడే పోతుంది.

మామయ్య: దూరం వచ్చేది లాఫ్ట్ తగ్గించడం వల్లే అని నేను మొదటినుంచీ...

అల్లుడు: మొదటినుంచీ చెబుతున్నారు. కంచరపాలెం పని గురించి ఇంకొకటి ఉంది. 6, 7 పక్కపక్కన పెట్టి చూశారా?

మామయ్య: ఆ రెండూ సమానమైపోయాయి. హాక్సా కాస్త జారింది అన్నాడు. పనితనం మంచిదే, ఆరోజు హడావుడిలో ఉన్నాడు.

అల్లుడు: అర అంగుళం జారిందా?

మామయ్య: అమెరికా ఆటగాడు డిషాంబో ఆడేదేమిటి మరి? ఐరన్లన్నీ ఒకే పొడవు, ముప్పై ఏడున్నర. 2020 యూఎస్ ఓపెన్ గెలిచాడు. నేను రెండింటితో మొదలుపెట్టాను.

అల్లుడు: (నవ్వు) ఆయన హెడ్ బరువులన్నీ దానికి తగ్గట్టు ఒకటిగా చేయించుకున్నాడు. 1989లో టామీ ఆర్మర్ సంస్థ కూడా ఒకే పొడవు సెట్టు తెచ్చింది, పెద్దగా నిలవలేదు. నాలాంటివాడికి తక్కువ నంబరు ఐరన్లతో దూరం రాదు, దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జి చేతిలో పొడవుగా అనిపిస్తుంది. అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు...

మామయ్య: చొక్కా అన్నావు కాబట్టి చెబుతాను. నవ్వకు.

అల్లుడు: నవ్వను.

మామయ్య: చిన్నప్పుడు నావన్నీ అన్నయ్య చొక్కాలే. అమ్మ చేతులు కత్తిరించేది కాదు, లోపలికి మడిచి కుట్టేది. వీడూ ఎదుగుతాడు, అప్పుడు విప్పవచ్చని. నేను ఎదగలేదు. ఆయన పోయాక వదిన ఆ బ్యాగు పంపించింది. 7 ఐరన్ తీసి పట్టుకున్నాను. గ్రిప్పు మీద ఆయన బొటనవేలు ఒరిసి ఒరిసి చిన్న గుంట పడి ఉంది. నా చెయ్యి పొట్టకు అడ్డం లేకుండా పట్టుకుంటే బొటనవేలు దానికి అంగుళం కింద పడుతోంది. అంగుళం కోయించి గ్రిప్పు కిందికి జరిపితే సరిగ్గా గుంటలో పడుతుంది కదా అనుకున్నాను.

అల్లుడు: ...

మామయ్య: అక్కడికి వెళ్ళాక అతను చాకుతో గ్రిప్పు చీల్చేశాడు. అది తీయకుండా షాఫ్టు కోయడం కుదరదట. నాకు తెలియదు. షాఫ్టు లోపలినుంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది, గుప్పెడు. ఈ ఊరి ఉప్పుగాలికి పైన మెరుస్తున్నా లోపల తినేస్తుంది.

అల్లుడు: ఇన్ని ఎపిసోడ్లలో ఈ మాట చెప్పలేదు మీరు.

మామయ్య: నువ్వు ఎందుకు కోయించావని దెబ్బలాడావే కానీ, ఎప్పుడైనా నెమ్మదిగా అడిగావా?

అల్లుడు: గ్రిప్పులు పారేశాడా?

మామయ్య: అడిగి తెచ్చుకున్నాను. బీరువాలో, పంచెల కింద ఉన్నాయి. మీ అత్తయ్యకు తెలియదు.

అత్తయ్య: తెలుసు.

(ఫ్యాను చప్పుడు.)

అల్లుడు: కోసిన అంగుళాన్ని తిరిగి కలపవచ్చు మామయ్యా. షాఫ్టు పైకొసలో దూర్చి అంటించే చిన్న గొట్టం ముక్కలు దొరుకుతాయి. పైన గ్రిప్పు వేస్తే కనపడదు. ఆ 6 కూడా సరిచేసుకోవచ్చు.

మామయ్య: అతుకుల బొంత.

అల్లుడు: అర అంగుళం చాలు. ముందు కొలుద్దాం. మీరు ఇంతవరకూ కొలిపించుకోనే లేదు. లేవండి.

మామయ్య: ఇప్పుడా? వాళ్ళు వింటున్నారు.

అల్లుడు: వింటారే కానీ చూడరు కదా. బూట్లు వేసుకోండి. అత్తయ్యా, కుట్టు మిషను దగ్గర టేపు ఉంటుంది, ఒకసారి... ఆఁ, ఇలా ఇవ్వండి. నిటారుగా. భుజం దించకండి.

మామయ్య: దించలేదు. నా భుజం ఇంతే.

అల్లుడు: ముప్పై మూడున్నర... కాదు, ముప్పై మూడు ముప్పావు. చూశారా, కొందరు వాడే పట్టికలో మామూలు కొలతకు పావు అంగుళం తక్కువ వస్తుంది, అంతే. అంగుళం అక్కర్లేదు.

మామయ్య: టేపు లాగి పట్టుకున్నావు.

అల్లుడు: లాగలేదు.

మామయ్య: పాత టేపు, సాగిపోయి ఉంటుంది. మళ్ళీ పెట్టు. ఈసారి మీ అత్తయ్య చదువుతుంది. నీ లెక్క నేను నమ్మను.

అత్తయ్య: కళ్ళజోడు తెచ్చుకోనీ.

మామయ్య: ఆ మైకు కాస్త జరుపు, కాలికి తగులుతోంది...