వీధి దీపాలు బిగించే అబ్బాయి

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఒక జపాన్ బొమ్మల సీరియల్ గురించి మాట్లాడతాను. పేరు క్లానాడ్. ఇలాంటివాటిని ఇప్పుడు పిల్లలు అనిమే అంటున్నారు. మా అమ్మాయి ఎంత బతిమాలినా చూడనని మొండికేసినవాణ్ని, చివరికి రెండు భాగాలూ కలిపి 47 ఎపిసోడ్లు చూశాను. ఎందుకు చూశానో చెప్పాలనే వచ్చాను.

నేను కరెంటు పని చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది, అందులో ఎక్కువ వీధి దీపాలే. స్తంభం ఎక్కడం, పాత ఫిట్టింగ్ విప్పడం, కొత్తది బిగించడం. ఈ సంగతి ముందే చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

ఇంటర్ పరీక్షలు అయిపోయాక మా అమ్మాయి ఫోన్ని టీవీకి కలిపి రోజూ ఇదే చూసేది. ముఖంలో సగం కళ్లే ఉండే ఆడపిల్లలు, పిట్టల్లాంటి గొంతులు, కాసేపటికోసారి ఎవరో ఒకరు కన్నీళ్లు పెట్టుకోవడం, వెనకాల పియానో. ఏడిపించడానికే తీసిన సరుకు అనుకున్నాను. సినిమాలో అయినా సరే, ఇక్కడ మీరు ఏడవాలి అని సంగీతం ముందే చెప్పేస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఒక్క ఎపిసోడ్ చూడండి నాన్నా" అని అది అడిగినప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి బయటికి వెళ్లిపోయేవాణ్ని.

ఒకరోజు సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని హాల్లోంచి వంటింట్లోకి వెళ్తున్నాను. తెర మీద ఆ కథలో హీరో, నేను అంతదాకా స్కూలు కుర్రాడిగానే చూసిన టొమోయా, పని బట్టల్లో ఉన్నాడు. చదువైపోయి వీధి దీపాలు బిగించే పనిలో చేరాడట. నేను అక్కడే ఆగిపోయాను. తువ్వాలు భుజం మీదే ఉంది.

ఆ పని చేయనివాళ్లకి అది తెలియదు. తల పైకెత్తి, రెండు చేతులూ పైకి పెట్టి బోల్టు బిగిస్తుంటే పది నిమిషాలకే భుజాలు మండిపోతాయి, రాత్రికి కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటి దాకా వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. మొదటి నెలంతా నేను మోచెయ్యి మోకాలి మీద ఆనించుకుని తిన్నాను. ఆ కుర్రాడికైతే ఇంకో కష్టం కూడా ఉంది. తండ్రితో గొడవలో దెబ్బ తగిలి కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవదు. బాస్కెట్‌బాల్ ఆడేవాడు, అది పోయింది. అలాంటివాడు ఈ పనికొచ్చాడు. ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొస్తాడు, పనిలో పడి, తను ప్రేమించే అమ్మాయి నగీసా స్కూలు ఉత్సవానికి కూడా వెళ్లలేకపోతాడు. ప్రేమకథల్లో హీరో ఏం పని చేస్తాడో మనకి చూపించరు కదా, చూపించినా ఒక పాటలో అయిపోతుంది. ఇక్కడ ఆ అలసటని ఓపిగ్గా చూపించారు. అన్నం తిని మా అమ్మాయి పక్కన కూర్చుని, మొదటినుంచీ పెట్టమన్నాను.

అసలు ఇది 2004లో కీ అనే సంస్థ తెచ్చిన కంప్యూటర్ గేమ్. చదువుకుంటూ పోతూ, ఎక్కడికక్కడ ఏ దారిలో వెళ్లాలో మనమే ఎంచుకునే రకం. ఒక్కో అమ్మాయిది ఒక్కో దారి, ఒక్కో కథ. దాన్ని క్యోటో యానిమేషన్ అనే స్టూడియో వాళ్లు తత్సుయా ఇషిహరా దర్శకత్వంలో 2007 అక్టోబర్ నుంచి 2009 మార్చి దాకా రెండు భాగాలుగా టీవీకి తీశారు. మొదటి భాగంలో ఒకరి తర్వాత ఒకరుగా ఇంతమంది అమ్మాయిలు, ప్రతి అమ్మాయికీ ఒక పెద్ద దుఃఖం ఎందుకున్నాయో ఇది తెలిశాక అర్థమైంది. అర్థమైందే కానీ పూర్తిగా నచ్చలేదు. చెక్కతో నక్షత్రచేపలు చెక్కి అందరికీ పంచే ఫూకో కథని మా అమ్మాయి ప్రాణంగా చూస్తుంది, నాకు మాత్రం ఇప్పటికీ సాగదీసినట్టే ఉంటుంది. నగీసా మాత్రం నచ్చింది. జబ్బు చేసి ఏడాది వెనకబడిన పిల్ల, స్కూలుకి వెళ్లే ఎత్తు దారి మొదట్లో, చెర్రీ చెట్ల కింద ఆగిపోయి, ధైర్యం తెచ్చుకోవడానికి 'అన్‌పాన్' అంటుంది. అంటే లోపల తీపి పప్పుముద్ద పెట్టిన బన్ను. ఇదేం పిల్లచేష్ట అనుకున్నాను మొదట్లో. పరీక్ష హాల్లోకి వెళ్లేముందు మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి పెన్ను మూత పదిసార్లు తీసి పెట్టడం గుర్తొచ్చాక ఇక ఆ మాట అనలేదు.

రెండో భాగం పేరు ఆఫ్టర్ స్టోరీ. పెళ్లితో శుభం కార్డు పడే చోట ఇది అసలు కథలోకి వెళ్తుంది. టొమోయాకి ఇంకో చోట మంచి ఉద్యోగం దొరకబోయే సమయానికి తండ్రి అరెస్టవుతాడు, ఉద్యోగం చేజారిపోతుంది. ఆ కోపంలో గోడని గుద్దుతుంటే నగీసా ఆపుతుంది, అప్పుడే పెళ్లి చేసుకుందామని అడుగుతాడు. పిల్లనిమ్మని వెళ్తే మామగారు, బేకరీ నడిపే అకియో, ముందు నేను వేసిన బంతి కొట్టి చూపించు అంటాడు. ఆ భుజంతో, బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని ప్రాక్టీసు చేస్తాడు వీడు. నవ్వించడానికి పెట్టిన సీనే కానీ, చెయ్యి లేవని మనిషి కష్టం నాకు తెలుసు కాబట్టి నాకు నవ్వు రాలేదు.

ఇక్కణ్నుంచి కథ చెప్పక తప్పదు. చూడాలనుకునేవాళ్లు ఒక్క రెండు నిమిషాలు రేడియో సౌండు తగ్గించుకోండి.

నగీసా ప్రసవంలో చనిపోతుంది. టొమోయా పసిదాన్ని అత్తమామల దగ్గర వదిలేసి, ఐదేళ్లపాటు పని, తాగుడు, నిద్ర, అంతే. ఆ పాప పేరు ఉషియో. అమ్మమ్మ సనాయే ఒక ఉపాయం చేసి తండ్రీకూతుళ్లని ఇద్దరినే ప్రయాణానికి పంపిస్తుంది. దారిలో పాపకి ఒక రోబో బొమ్మ కొనిస్తాడు. పూలతోటలో అది పారేసుకుంటుంది. వెతుకుతూనే ఉంటుంది. ఇంకోటి కొంటాను పదమంటే రాదు, నాన్న తన కోసం ఏరి కొనిపెట్టింది అదొక్కటే అంటుంది. ఏడవడానికి రెండే చోట్లు ఉన్నాయని అమ్మమ్మ చెప్పిందట: ఒకటి బాత్రూం, ఇంకోటి నాన్న ఒడి.

అదే ప్రయాణంలో టొమోయా తన నాయనమ్మని కలుస్తాడు. భార్య పోయాక వాళ్ల నాన్న ఒక్కడే పిల్లాణ్ని పెంచడానికి ఎన్ని ఉద్యోగాలు మారాడో, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో ఎలా బొమ్మలూ మిఠాయిలూ కొనేవాడో ఆవిడ చెబుతుంది. ఇన్నాళ్లూ అసహ్యించుకున్న మనిషి ఆయనే. తిరిగొచ్చే రైల్లో పాప అమ్మ గురించి అడుగుతుంది. చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో మాట ఆగిపోయి, వాడు ఏడ్చేస్తాడు. పాపని పట్టుకుని ఏడుస్తాడు.

సంగీతం ఉంది, అవును. నాకు వినపడలేదు. ఆ రైలుపెట్టె దగ్గరికి రావడానికి వాళ్లు నలభై ఎపిసోడ్లు తీసుకున్నారు: జీతం, అద్దె గది, వంట, మామగారి బేకరీలో ఎవరూ కొనని రొట్టెలు, వీధి దీపాలు. ఇవన్నీ మనతో మోయించాక ఏడిపించారు. అప్పనంగా పిండుకున్న కన్నీళ్లు కావు అవి. మా అమ్మాయి నావైపు చూడకుండా టీవీ వైపే చూస్తూ కూర్చుంది, దానికి నేను రుణపడి ఉంటాను.

తర్వాత ఇదంతా గీసింది ఎవరా అని వెతికితే తెలిసింది, 2019 జూలై 18న క్యోటోలో ఆ స్టూడియో భవనానికి ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది పోయారు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ముగింపు దగ్గర మాత్రం నాకూ మా అమ్మాయికీ ఇంకా గొడవే. చివర్లో ఒక అద్భుతం జరిగి పోయినవాళ్లు తిరిగొస్తారు. ఊళ్లో మనుషుల సంతోషాలే వెలుగుముద్దలై పోగుపడ్డాయని, కథ మొదటినుంచీ ఆ మాట చెబుతూనే ఉందని అది వాదిస్తుంది. కావచ్చు. నాకు మాత్రం, టొమోయా తండ్రి దగ్గరికి వెళ్లి ఇంతకాలం కష్టపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నట్టు మాట్లాడి ఆయన్ని సొంత ఊరికి సాగనంపిన చోటే కథ అయిపోయింది.

పోయిన వారం నుంచి మా ఆవిడ కూడా మొదలుపెట్టింది. ఇంకా నక్షత్రచేపల దగ్గరే ఉంది. ఆ నగీసాకి ఒంట్లో బాగవుతుందా అని నిన్న రాత్రి పూలు గుచ్చుతూ అడిగింది. నేనూ అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చూస్తూ ఉండమ్మా, అంది అమ్మాయి.