లోడింగ్ యాప్‌లో ఆ 'ఆటో' బటన్ జోలికి పోకండి

ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రాత్రి షో అయిపోతుంది, తెల్లారేలోపు సామానంతా లారీ ఎక్కించి విజయవాడ పంపాలి, ఏ పెట్టె లారీలో ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి చూపే లోడింగ్ యాప్‌లు ఫోన్లో దొరుకుతాయి కదా, దీనికి అవి పనికొస్తాయా అన్నా అని, బెంగళూరులో సౌండు, లైట్ల పని చేసే మన తెలుగు కుర్రాళ్ళు తెగ అడుగుతున్నారు. పనికొస్తాయి. కానీ అందరూ ముందు నొక్కే, సామానంతా యాప్‌నే సర్దమనే ఆటో బటన్ ఉంది చూశారా, మన పనికి దండగ అదే.

అది చూసేది ఖాళీ ఎక్కడుందని. గోడౌన్‌కి అట్టపెట్టెలు పంపేవాళ్ళకి అది చాలు. మనకి దిగగానే కావాల్సినవి గొలుసుతో బరువు పైకి లాగే చైన్ మోటార్లు, లైట్లూ స్పీకర్లూ వేలాడే లోహపు చట్రం ట్రస్సు, ఎందుకంటే అవి పైకి లేస్తే తప్ప లైటు కట్టలేం, స్పీకర్లు వేలాడదీయలేం. అంటే అవి ఆఖర్న ఎక్కి తలుపు దగ్గరుండాలి. యాప్‌ని దాని ఇష్టానికి వదిలితే, బరువైనవి కదా అని చాలాసార్లు వాటినే క్యాబిన్ గోడకి ఆనిస్తుంది. ఇక అక్కడ దిగాక మిక్సరూ కేబుల్ పెట్టెలూ అన్నీ ఎండలో పరిచి మోటార్ల కోసం తవ్వుకోవాలి, హమాలీల తిట్లు అదనం. అందుకే ప్రతి కేసుకీ, అంటే సామాను పెట్టెకీ, దిగే వరస నంబరు ఇచ్చి, బొమ్మలో మీ చేత్తోనే సర్దండి. 1885 నుంచి తెరలూ సెట్టింగులతో ఊరూరా తిరిగిన సురభి నాటకాల వాళ్ళు ఈ లెక్క ఏ ఫోనూ లేకుండానే వేసుకున్నారు లెండి.

ఇక కొలతలు. చక్రాలు, పక్కకి పొడుచుకొచ్చే తాళాలతో సహా కొలవాలి. చాలామంది 120 బై 60 సెంటీమీటర్ల కేసులు చేయిస్తారు, యూరప్ లారీల్లో అడ్డంగా 4 పడతాయని. ఓడల మీద వచ్చే మామూలు కంటైనర్ లోపలి వెడల్పేమో సుమారు 235 సెంటీమీటర్లు, 4 కేసులు కలిపితే 240! యాప్‌లో బండి తప్పుగా ఎంచుకుంటే తెర మీద నాలుగూ ముచ్చటగా కూర్చుంటాయి, అర్ధరాత్రి లారీ దగ్గర నాలుగోది మాత్రం లోపలికి పోదు. మన 32 అడుగుల కంటైనర్లు కూడా బాడీ కట్టేవాళ్ళని బట్టి మారతాయి కాబట్టి, లోపలి వెడల్పు, తలుపు వెడల్పు రెండూ టేపు పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని డ్రైవర్‌నే అడగండి. 2020 నుంచి ఐఫోన్ ప్రో మోడళ్ళలో లైడార్, అంటే కాంతితో దూరం కొలిచే సెన్సార్ ఉంది, దాంతోనూ కొలవొచ్చు, కానీ నా ఓటు టేపుకే.

యాప్‌లో బరువు గడి ఖాళీగా వదలొద్దు. 2018లో కేంద్రం పరిమితి పెంచాక రెండు యాక్సిళ్ళ లారీ మొత్తం బరువు, బండితో కలిపి, 16.2 నుంచి 18.5 టన్నులకి వచ్చింది, అంతే. స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్లుండే బరువైన ఆంప్ ర్యాకులన్నీ ఒకే పక్కకి పేర్చి పలమనేరు దాటాక మొగిలి ఘాట్ మలుపుల్లోకి పంపితే డ్రైవర్‌కి ఎంత టెన్షనో ఆయన్నే అడగండి.

బొమ్మ పూర్తయ్యాక ప్రింటు తీసి తలుపు లోపలివైపు అంటించండి, అక్కడ సామాను దించేవాళ్ళ ఫోన్లో మీ యాప్ ఉండదు. డబ్బు కట్టే వెర్షన్ ఇప్పుడే కొనక్కర్లేదు, ఒకే లారీ అయితే ఫ్రీదే చాలు.