ఈఎస్ఆర్ పక్కన ఆ చుక్క ఏంది?

[తెర మీద: ఫోన్‌లో ల్యాబ్ రిపోర్టు. ఒక అంకె నల్లగా, పక్కన చుక్క]

మొన్న రాత్రి పదిన్నరకు చిత్తూరు నుంచి మా చిన్నమ్మ ఫోన్. ఆమెకు 62 ఏళ్ళు. "రేయ్, రక్త పరీక్షలో నా ఈఎస్ఆర్ 48 అంట. పక్కన చుక్క పెట్టినారు. కోడలు ఫోన్‌లో వెతికితే క్యాన్సర్ అని వచ్చింది. పొద్దున్నే వేలూరు ఆసుపత్రికి పోదామా?"

నేను తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముందు ఒక మాట చెప్పేస్తా. ఆ చుక్క పెట్టింది డాక్టరు కాదు, కంప్యూటరు. అంకె గీత దాటితే గుర్తు పడుతుంది, అంతే.

[తెర మీద: తిరుమల క్యూలైన్]

మన ఊళ్ళో పొద్దున్నే వినే వార్త ఉంది కదా, "కంపార్ట్‌మెంట్లన్నీ నిండాయి, క్యూ శిలాతోరణం దాకా వచ్చింది" అని. దాన్నిబట్టి కొండమీద జనం ఎక్కువున్నారని తెలుస్తుంది. ఎందుకున్నారో తెలీదు. ఎండాకాలం సెలవులా, పెరటాసి శనివారమా, వరసగా మూడు సెలవులొచ్చాయా? ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు కూడా అట్లాంటివే. ఒంట్లో యాడో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపల వాపు, ఉందంటాయి. యాడ, ఎందుకు అనేది చెప్పవు.

ఈఎస్ఆర్ చాలా పాత పరీక్ష. సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి, నిటారుగా నిలబెట్టి, గంట తర్వాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూడటమే. మామూలుగా ఈ కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మెల్లగా దిగుతాయి. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో ఫైబ్రినోజెన్ లాంటి ప్రోటీన్లు పెరుగుతాయి. అప్పుడు కణాలు పరకామణిలో పేర్చిన నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. దొంతర బరువెక్కువ, గబగబా దిగిపోతుంది.

అయితే ఇన్‌ఫ్లమేషన్ లేకుండానే ఈ అంకెను పెంచేవి బోలెడు. రక్తహీనత ఉంటే పెరుగుతుంది, గర్భిణులకు పెరుగుతుంది, వయసుతోబాటూ పెరుగుతుంది. గొట్టం కాస్త వాలినా, గది బాగా వేడెక్కినా ఎక్కువే చూపిస్తుంది. మే నెలలో ఏసీ చెడిపోయిన ల్యాబ్‌లో నిలబడినవాడిని, నమ్మండి.

వయసుకు ఒక మోటు లెక్క ఉంది. మగవాళ్ళకు వయసులో సగం. ఆడవాళ్ళకు వయసుకు పది కలిపి సగం. చిన్నమ్మకు ఆ లెక్కన 36 దాకా పర్వాలేదు. 48 అంటే కాస్త ఎక్కువ. అదే రిపోర్టులో కింద హిమోగ్లోబిన్ 9.2 ఉంది, అంటే రక్తహీనత. దాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ చూడలేదు!

ఇక సీఆర్‌పీ. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. లివర్ తయారుచేసే ప్రోటీన్ ఇది. ఇన్‌ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లోనే ఎగబాకి, రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. కారణం తగ్గిందంటే ఇంచుమించు 19 గంటలకొకసారి సగమవుతూ పడిపోతుంది. ఈఎస్ఆర్ మాత్రం జ్వరం తగ్గిపోయినా దిగడానికి వారాలు తీసుకుంటుంది. అందుకే మందు పనిచేస్తుందా లేదా అని చూడాలంటే డాక్టర్లు ఎక్కువగా సీఆర్‌పీనే నమ్ముకుంటారు. ఊబకాయం, పొగతాగడం, చిగుళ్ళ జబ్బు కూడా దాన్ని కొద్దిగా పెంచుతాయి. అలవాటు లేనివాళ్ళు అలిపిరి మెట్లు 3550 ఎక్కొచ్చి మర్నాడే రక్తమిస్తే కాస్త ఎక్కువ రావచ్చు.

[తెర మీద: రెండు రిపోర్టులు పక్కపక్కన. 24, 2.4]

ఇది జాగ్రత్తగా చూడండి. ఒకాయన సంతోషంగా వచ్చినాడు, "అబ్బా, సీఆర్‌పీ 24 నుంచి 2.4కి దిగిపోయింది" అని. దిగలేదు. మొదటి ల్యాబ్ లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇచ్చింది, రెండోది డెసిలీటరుకు. రెండూ ఒకటే! ఆయన ఆ సంతోషంలో మాత్రలు కూడా ఆపేసినాడు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలత చూడండి. కుదిరితే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి.

మరి ఎప్పుడు తేలిగ్గా తీసుకోకూడదు? ఈఎస్ఆర్ వంద దాటితే. అప్పుడు టీబీ, లోపలి ఇన్‌ఫెక్షన్లు, మైలోమా లాంటి రక్త క్యాన్సర్ల కోసం డాక్టర్లు గట్టిగా వెతుకుతారు. అంకె చిన్నదైనా సరే, వారాల తరబడి జ్వరం, రాత్రిపూట చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పొద్దున లేవగానే అరగంటకు పైగా వేళ్ళు బిగుసుకుపోవడం ఉంటే చూపించుకోవాలి. యాభై దాటినవాళ్ళకు కొత్తగా తలనొప్పి వచ్చి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే పోవాలి. ఆలస్యమైతే కన్ను పోవచ్చు.

అంకెను చూసి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రం కొనకండి. అంకెకు మందు ఉండదు, కారణానికి ఉంటుంది.

చిన్నమ్మ సీఆర్‌పీ లీటరుకు 4 మిల్లీగ్రాములు, మామూలే. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. చిత్తూరులోనే డాక్టరు పరీక్షచేసి, రక్తం ఎందుకు తగ్గిందో చూడటానికి ఇంకో రెండు టెస్టులు రాసి, ఐరన్ మాత్రలు ఇచ్చినాడు. కాఫీతో వేసుకోవద్దన్నాడు, అదే ఆమెకు పెద్ద కష్టం. మర్నాడే మళ్ళీ ఈఎస్ఆర్ చేయించుకుంటానంటే వద్దన్నాను. రెండు నెలల తర్వాత రమ్మన్నారు. పాత రిపోర్టు ఇప్పుడే చేతిసంచిలో పెట్టించేశా.