కువైట్ టికెట్ మీద ఎవరి ఫోన్ నంబర్ ఉంది?

అందరికీ నమస్కారం. మీకు గానీ, మీ ఇంట్లో వాళ్లకు గానీ కువైట్‌కో దుబాయ్‌కో టికెట్ తీసి ఉంటే, ఈ వీడియో చూస్తూనే దాన్ని ఒకసారి ఫోన్‌లో తెరవండి. పేరు, తేదీ అందరం చూస్తాం. ఈసారి ఫోన్ నంబర్ చూడండి. టికెట్ మీద కనపడకపోతే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ (టికెట్ మీదుండే బుకింగ్ నంబర్), ఇంటిపేరు కొట్టండి, చాలావాటిలో తెలిసిపోతుంది.

అది మీ నంబరేనా? కడప, రాయచోటి, రాజంపేట వైపు చాలామంది టికెట్ తీసేది ట్రావెల్స్ ఆఫీసులోనే. అక్కడ కంప్యూటర్ ముందున్న అబ్బాయి ప్రతి టికెట్‌కీ ఆఫీసు నంబరే కొట్టేస్తాడు. మోసమని కాదు, అతనికి అలవాటు. ఇక ఫ్లైట్ క్యాన్సిల్ అయిన రోజు మెసేజ్ ఎక్కడికి పోతుంది? ఆఫీసు ఫోన్‌కి. రాత్రి పదకొండుకి ఆ ఫోన్ ఎవరు చూస్తారు? మీరేమో కారు మాట్లాడుకుని, రేణిగుంట దాటి చెన్నై దారిలో ఉంటారు. తెల్లారి ఫోన్ చేస్తే, "మెసేజ్ వచ్చిండాది న్నా, నేనే చూసుకోలే" అంటాడు.

ఇది ప్రయాణం చెడిపోవడంతో ఆగదు, డబ్బుకి కూడా చుట్టుకుంటుంది. విమానయాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ రూల్ ఎలా ఉందంటే, ఫ్లైట్ రద్దు చేస్తే ఎయిర్‌లైన్ కనీసం 2 వారాల ముందు చెప్పాలి. వేరే ఫ్లైట్ ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి, ప్రయాణికుడికి ఏది కావాలంటే అది. సమయానికి చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా కట్టాలి. ప్రయాణం గంటలోపుదైతే 5,000 రూపాయలు, రెండు గంటల వరకు 7,500, అంతకు మించితే 10,000. అయితే ఆశపడకండి. ఈ మొత్తం ఒకటి, మీ టికెట్‌లో ఒకవైపు బేసిక్ ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపితే వచ్చేది ఇంకొకటి, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. మూడు వేల టికెట్ కొన్నవాళ్లకు పది వేలు రావు. ఇప్పుడు అసలు మెలిక వినండి. బుకింగ్ అప్పుడు ప్రయాణికుడు సరైన ఫోన్ నంబర్, చిరునామా ఇవ్వకపోతే ఆ పరిహారం ఇవ్వక్కర్లేదని అదే రూల్‌లో ఉంది. ఆఫీసు నంబర్ కొట్టడం వల్ల మన వాదన అక్కడే బలహీనపడిపోతోంది.

వాతావరణం, యుద్ధం, ఏటీసీ (విమానాల రాకపోకలను నడిపే కంట్రోల్) ఇబ్బంది లాంటివి ఎయిర్‌లైన్ చేతిలో ఉండవు కాబట్టి వాటికి పరిహారం లేదు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది గుర్తుందా? ఖతార్, కువైట్, బహ్రెయిన్, యూఏఈ కొన్ని గంటల పాటు గగనతలం మూసేశాయి. దానికి పరిహారం అడిగితే ఎవరూ ఇవ్వరు. కానీ ఫ్లైట్ రద్దయినప్పుడు టికెట్ డబ్బు గానీ, ఇంకో ఫ్లైట్ గానీ అడిగే హక్కు ఎక్కడికీ పోదు. కౌంటర్‌లో "వార్ అండీ, మేమేం చేయలేం" అన్నారని ఊరికే వెనక్కి రాకండి.

2025 డిసెంబరు మొదటి వారం సంగతి వేరు. పైలట్ల విశ్రాంతికి కొత్త నిబంధనలు వచ్చాయి, వాటికి తగ్గట్టు ఇండిగో సిద్ధం కాలేదు. ఒక్క రోజులోనే వెయ్యికి పైగా ఫ్లైట్లు ఆగిపోయాయి. అలాంటి రోజున అందరూ చేసే పని ఒకటుంది. టెన్షన్‌లో యాప్ తెరిచి, మనమే 'క్యాన్సిల్' నొక్కేస్తాం. ఆగండి. ఎయిర్‌లైన్ రద్దు చేస్తే పూర్తి డబ్బు వస్తుంది. మనంతట మనం రద్దు చేసుకుంటే అది మన సొంత నిర్ణయం కింద లెక్క, క్యాన్సిలేషన్ ఛార్జీ కోసేస్తారు. ఫ్లైట్ రద్దయిందని వాళ్ల మెసేజ్ వచ్చాక, వాళ్లే పంపిన లింక్‌లోకి వెళ్లి రీఫండో, తేదీ మార్పో ఎంచుకోండి.

గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతకడం ఇంకో ప్రమాదం. దొంగ నంబర్లు పెట్టేవాళ్లకు ఇలాంటి రోజులే పండగ. ఓటీపీ అడిగినా, ఏదైనా యాప్ వేసుకోమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

రీఫండ్ మీ ఖాతాలోకే వస్తుందని అనుకోకండి. ఏ దారిన కట్టారో ఆ దారినే తిరిగి పోతుంది. ఏజెంట్ తన వాలెట్ నుంచి కట్టాడంటే డబ్బు అతని వాలెట్‌కే చేరుతుంది. "ఇంకా రాలేదన్నా" అని నెలల తరబడి తిప్పుకునేవాళ్లు ఉన్నారు. ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ అయినా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే అని డీజీసీఏ చెబుతోంది. కాబట్టి ఏజెంట్ చుట్టూ తిరగడం మానేసి, రీఫండ్ ఎప్పుడు, ఎవరికి వేశారో నేరుగా ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి అడగండి. తేదీతో సహా జవాబు వస్తే దాన్ని ఏజెంట్ ముందు పెట్టండి. తర్వాత మాటే ఉండదు.

మన కడప వాళ్లకు వచ్చే చిక్కు ఒకటి చెబుతా. ఇక్కడి ఎయిర్‌పోర్ట్ 2015 జూన్‌లో మొదలైంది. తిరిగేవి చిన్న విమానాలు, ఒకటి ఆగితే గంటలో ఇంకొకటి దొరికే చోటు కాదు. కొందరు ఇక్కడి నుంచి చెన్నైకి ఒక టికెట్, అక్కడి నుంచి కువైట్‌కి ఇంకో టికెట్ విడివిడిగా తీస్తారు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మీరు రాలేదు, అంతే. ఆ డబ్బు పోయినట్టే. రెండూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటేనే ముందుకు పంపే బాధ్యత వాళ్లది. అలా కుదరకపోతే నా మాట వినండి, ముందురోజే బస్సెక్కి చెన్నై చేరుకోండి. ఐదారు గంటల దారి, కాళ్లు నొప్పులు పుడతాయి, కానీ ఉద్యోగం నిలుస్తుంది.

సెలవు మీద వచ్చినవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. కువైట్ బయట ఆరు నెలలు, ఇంటి పనివాళ్లయితే నాలుగు నెలలు దాటితే అకామా (అక్కడ ఉండే అనుమతి) చిక్కుల్లో పడుతుంది. ఆ గడువు చివరి వారానికి తిరుగు టికెట్ పెట్టుకోకండి. ఫ్లైట్ రద్దయితే ఎయిర్‌లైన్ దగ్గర రద్దయినట్టు రాతపూర్వకంగా ఒక లెటర్ అడిగి తీసుకోండి. అక్కడి కఫీల్‌కి (వీసా ఇచ్చిన యజమానికి) చూపించడానికీ, ఇన్సూరెన్స్‌కీ అదే ఆధారం.

ఇవేవీ పనిచేయకపోతే ముందు విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఉంది. దానికీ దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, చెన్నై తిరగక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. టికెట్, రద్దు మెసేజ్, మీరు పెట్టిన మెయిల్స్ జతచేయాలి.

ఆ మెసేజ్ మీ ఫోన్‌లో ఉండాలంటే రేపే ట్రావెల్స్‌కి పోయి నంబర్ మార్పించండి. "మార్చడానికి రాదు" అంటే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో మీరే ప్రయత్నించండి. కువైట్ నుంచి ఇండియాకి వచ్చే టికెట్ విషయంలో మాత్రం, అక్కడికి పోయాక మీ ఇండియా సిమ్ పనిచేస్తుందో లేదో చూసుకుని, కువైట్ నంబర్ కూడా చేర్పించండి.