మొదటి ఇల్లు: బ్యాంకు ఇచ్చేది ఎంత, మన చేతిలో ఉండవలసింది ఎంత

నమస్కారం. హోమ్ లోన్ ఎంత వస్తుందో బ్యాంకులో కనుక్కొని, ఆ వారాంతంలోనే ఫ్లాట్లు చూడటానికి బయలుదేరేవారు చాలామంది ఉన్నారు. మొదటి ఇల్లు కొనేవారిని సాధారణంగా ఇబ్బంది పెట్టేది అప్పు పుట్టకపోవడం కాదు, అప్పు పోను మిగిలిన సొమ్ము చేతిలో లేకపోవడం. అందుకే ఈరోజు ఆ సొమ్ము గురించే మాట్లాడతాను.

హైదరాబాద్ శివార్లలో 60 లక్షల రూపాయల ఫ్లాట్‌ను తీసుకుందాం. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహ రుణాల్లో ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే గరిష్ఠంగా 48 లక్షలు వస్తుంది, మార్జిన్ మనీగా 12 లక్షలు మనమే పెట్టుకోవాలి. ఆ విలువ లెక్కలో స్టాంపు డ్యూటీని, రిజిస్ట్రేషన్ ఖర్చును కలపరు కనుక, తెలంగాణలో అన్నీ కలిపి అయ్యే 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు కూడా మన చేతి నుంచే పడతాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ కింద ఇంకో 3 లక్షలు కట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం పూర్తయింది, నివాసానికి తగినది అని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే ఆ పన్ను ఉండదు. కబోర్డులు, వంటగది పని మొదలుపెట్టకముందే లెక్క 20 లక్షల దగ్గరికి చేరింది. ఈ లోటును పర్సనల్ లోన్‌తోనో, చేబదుళ్లతోనో పూడ్చుకోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే గృహప్రవేశం నాటికే జీతం మీద రెండు మూడు వాయిదాల భారం పడుతుంది.

ఇక్కడే మరో ప్రమాదం ఉంది. కొందరు అమ్మకందారులు దస్తావేజులో 45 లక్షలే చూపిస్తామని, మిగతా 15 లక్షలు నగదుగా ఇవ్వమని అడుగుతారు. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని ఆశపడితే, బ్యాంకు ఆ 45 లక్షల మీదే 80 శాతం లెక్కగట్టి 36 లక్షలు ఇస్తుంది, మన వాటా 12 నుంచి 24 లక్షలకు పెరుగుతుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఇలాంటి బేరాన్ని మొదటి మాటలోనే వదులుకోండి.

ఇక నెలవారీ వాయిదా. 48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 41,650 రూపాయలు అవుతుంది. మొదటి నెల అందులో 34,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది ఏడున్నర వేలకు కాస్త పైన మాత్రమే. బ్యాంకుల ఫ్లోటింగ్ రేటు (గడువు మధ్యలో వడ్డీ మారే) రుణాలు 2019 అక్టోబరు నుంచి రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) వంటి బయటి ప్రామాణికాలతో ముడిపడి ఉన్నాయి కాబట్టి, ఈ వడ్డీ పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. అందుకని కొనడానికి రెండేళ్ల ముందు నుంచే ఆ వాయిదా కడుతున్నట్టుగా బతికి చూడమని గట్టిగా చెబుతాను. ప్రస్తుతం 18,000 అద్దె కడుతున్నవారు, ఈఎంఐకీ అద్దెకూ మధ్య ఉన్న 23,650 రూపాయలను జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లించాలి. పిల్లల ఫీజులు, పండుగ ఖర్చులు, ఊళ్లో అమ్మానాన్నల వైద్యం అన్నీ గడిచి కూడా అది ఆగకుండా సాగితే ఆ వాయిదాను మీరు మోయగలరు. రెండేళ్లకు జమయ్యే అయిదున్నర లక్షలకు పైబడిన సొమ్ముతో రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా తీరుతుంది. సాగకపోతే, చిన్న ఫ్లాట్ చూసుకోవాలో ఇంకొన్నాళ్లు ఆగాలో అప్పు నెత్తిన పడకముందే తెలుస్తుంది.

సిబిల్ స్కోరు (అప్పులు సకాలంలో తీర్చే తీరును బట్టి వచ్చే మార్కు) 750కి పైన ఉండేలా క్రెడిట్ కార్డు బకాయిలు ముందే తీర్చేయండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు మాత్రం తొందరపడకండి. లింకు డాక్యుమెంట్లను (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీని (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) బ్యాంకు లాయరు చూసి సరేనన్నాకే పెద్ద మొత్తం చెల్లించండి. రుణం మంజూరు కాకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇస్తామన్న షరతును అగ్రిమెంటులో రాయించుకోండి.