కేంద్రకం గుమ్మం దగ్గర వైరస్

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. జయపురంలో మన తెలుగు పిల్లలకు సైన్సు గురించి చెప్పమని పిలవగానే నాకు పొరుగునున్న మల్కన్‌గిరి గుర్తొచ్చింది. 2016లో ఆ జిల్లాలో మెదడువాపుతో పసివాళ్లు వరసగా పోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ బయటపడింది. ఇంకొందరి విషయంలో కసింద గింజల విషమని నిపుణులు అనుమానించారు. ఆ వైరస్ ప్రోటీన్లు మన కణంలో ఎక్కడిదాకా వెళ్తాయో ఈవేళ చెబుతాను.

మన డీఎన్ఏ ఉండేది కేంద్రకంలో. దాని చుట్టూ రెండు పొరలు, ఆ పొరల్లో రంధ్రాలు. ఒక్కో రంధ్రాన్ని సుమారు 30 రకాల ప్రోటీన్లు కలిసి కడతాయి. 40 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువుకు కొలమానం) లోపు ప్రోటీన్లు చాలావరకు వాటంతట అవే దూరిపోగలవు. అంతకన్నా పెద్దవాటికి ఒంటిమీద ఒక గుర్తుండాలి, ఆ గుర్తు పట్టి మోసుకెళ్లే ప్రోటీన్ దొరకాలి.

ఆ గుర్తు ఎంత చిన్నదో 1984లో తేలింది, అదీ ఒక వైరస్ పుణ్యాన. కోతుల్లో కనిపించే ఎస్‌వీ40 వైరస్‌కు లార్జ్ టీ యాంటిజెన్ అనే ప్రోటీన్ ఉంది. అందులో ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు ఏడింటి వరస ఒకటి: ప్రోలిన్, మూడు లైసిన్‌లు, ఆర్జినిన్, ఇంకో లైసిన్, వాలిన్. వాటిలో ఒక్క లైసిన్‌ను మార్చేసరికి అంత పెద్ద ప్రోటీనూ బయటే ఉండిపోయింది. నాకిప్పటికీ ఇంత అందమైన ప్రయోగం మరొకటి కనబడదు.

ఆ గుర్తును ఇంపార్టిన్ ఆల్ఫా పట్టుకుంటుంది, ఇంపార్టిన్ బీటా రంధ్రం దాటిస్తుంది. లోపల రాన్ అనే చిన్న ప్రోటీన్, జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువుతో కూడి, బీటాను అంటుకోగానే సరుకు విడిపోతుంది. బయటికి వచ్చే దారిలోనూ రానే కావాలి, కాకపోతే అక్కడ అది సరుకును వదిలించదు, పట్టుకునేలా చేస్తుంది. హెచ్ఐవీ వాడుకునేది ఈ దారినే. అక్కర్లేని ముక్కల కత్తిరింపు పూర్తికాని ఆర్ఎన్ఏను (డీఎన్ఏ సందేశానికి నకలు) మన కణం లోపలే ఆపేస్తుంది. హెచ్ఐవీకి మాత్రం అదే బయటికి రావాలి. దాని రెవ్ ప్రోటీన్ ఆ ఆర్ఎన్ఏను పట్టుకుని, సీఆర్ఎం1 అనే మోత ప్రోటీన్ సాయంతో బయటికి చేర్చి, మళ్లీ లోపలికి పోతుంది.

ఇక మన మెదడువాపు వైరస్, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్. అది ఆర్ఎన్ఏ వైరస్, ప్రతులు తీసుకునేది కేంద్రకం బయటే. పుస్తకాలు తరచు అక్కడితో ఆపేస్తాయి. అది చాలదని నా అభిప్రాయం. వైరస్ ఆర్ఎన్ఏను చుట్టి ఉండే దాని కోర్ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్తుంది. అలా వెళ్లకుండా రెండు అమైనో ఆమ్లాలు మార్చిన వైరస్ దోమ కణాల్లో బాగానే పెరిగింది, క్షీరదాల కణాల్లో మాత్రం చతికిలపడింది. అదే వైరస్‌కు చెందిన ఎన్ఎస్5 ప్రోటీన్ ఇంపార్టిన్ ఆల్ఫాను అడ్డుకుంటుంది. దాంతో వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ తయారీకి ఆజ్ఞ ఇవ్వాల్సిన మన ప్రోటీన్లు లోపలికి పోలేవు.

అయితే గుమ్మం మూసేస్తే సరిపోదా అని మీరడగొచ్చు. 2012లో ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు ఇంపార్టిన్ దారిని అడ్డుకుని, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో హెచ్ఐవీని, డెంగీని తగ్గించిందని చూపారు. కోవిడ్ రోజుల్లో ఆ మాత్రలు ఎంతమంది కొన్నారో మీకు తెలుసు. పెద్ద ట్రయల్స్‌లో మేలేమీ కనబడలేదు. పైగా మన సొంత ప్రోటీన్లూ ఆ గుమ్మం గుండానే రావాలి, పోవాలి. మెదడువాపు వైరస్‌ను నేరుగా చంపే మందు నేటికీ లేదు. టీకా ఉంది. ప్లస్ టూలో బయాలజీ తీసుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి, ఎన్ఎస్5 బొమ్మ గీసి చూపిస్తాను.